ఆపరేషన్ తర్వాత చీము పడితే: పుండు మానకముందే పోగు చేయాల్సిన కాగితాలు

ఖమ్మంలో కోర్టు దగ్గరి సందులో నాది జిరాక్స్, డీటీపీ షాపు. పంతొమ్మిదేళ్లుగా ఎవరెవరివో కేసుల కాగితాలు కాపీ తీసి, నంబర్లు వేసి, దారంతో కుట్టి ఇస్తున్నాను. 2022లో మా ఇంటి కాగితాలే కుట్టుకోవాల్సి వచ్చింది.

మా ఆవిడకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే జనవరిలో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాప్రోస్కోపీ చేయించాం. పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు, మూడో రోజు ఇంటికి పంపారు, బిల్లు 72 వేలు. కుట్లు చక్కగా మానాయి. ఐదో వారంలో బొడ్డు దగ్గర మచ్చ పక్కన కందిగింజంత గడ్డ లేచింది. ఇంకో వారానికి అది పగిలి పల్చటి నీరు కారడం మొదలైంది. ఆ తర్వాత పదకొండు నెలల మందులు, మరో ఆపరేషన్, రెండేళ్ల నాలుగు నెలల కేసు. ఇప్పుడు ఇలాంటి కష్టంతో షాపుకు వచ్చేవాళ్లకు కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్నీ కాను, లాయర్నీ కాను. అర్జీ మీద సంతకం పెట్టేముందు ఒక లాయర్‌కు చూపించుకోండి.

ముందు ఒక చేదు మాట

ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే చాలు, డాక్టర్ తప్పు చేసినట్టే అని చట్టం అనుకోదు. ఎంత శుభ్రంగా చేసినా కొందరికి చీము పడుతుందని వైద్యులూ ఒప్పుకుంటారు, కోర్టులూ ఒప్పుకుంటాయి. మా బావమరిది మొదటి రోజే "బావా, పోదాం పద, అద్దాలు పగలగొడదాం" అన్నాడు. ఆసుపత్రుల మీద దాడి చేస్తే 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద నాన్ బెయిలబుల్ కేసు అవుతుంది. అది పడ్డాక మన నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. వాడికి టీ తాగించి పంపాను.

పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తినా పెద్దగా లాభం ఉండదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టర్ మీద క్రిమినల్ కేసు నడవాలంటే అది ఘోరమైన నిర్లక్ష్యమై ఉండాలని, ముందు మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. ప్రాణం పోయిన కేసుల్లో ఆ దారి ఆలోచించాలి. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషనే దారి.

అక్కడ మనం చూపించాల్సింది, చేయాల్సిన పని ఒకటి చేయలేదని, దానివల్లే మనకు నష్టం జరిగిందని. నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఏంటంటే, క్రిమి ఎలా లోపలికి వచ్చిందో నిరూపించడం కష్టం. వచ్చాక పట్టించుకోలేదని నిరూపించడం అంతకంటే తేలిక. మేం గడ్డ చూపించిన రోజుకూ వాళ్లు చీము పరీక్షకు పంపిన రోజుకూ మధ్య 47 రోజులున్నాయి. ఈ మధ్యలో నాలుగుసార్లు యాంటీబయాటిక్ మార్చారు, ఒకసారి టీబీ మందులు రాశారు. మా కేసు ఆ 47 రోజుల మీదే నిలబడింది.

క్రిమి పేరు తెలియాలి

"ఇన్‌ఫెక్షన్ అయింది" అంటే కేసుకు చాలదు, ఏ క్రిమో తెలియాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే చీము కల్చర్‌కు, అంటే అందులోని క్రిమిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకు, పంపమని అడగండి. అప్పటికే మొదలుపెట్టి ఉంటే, ఏ రోజు ఏ మందు మింగారో రాసి పెట్టుకోండి.

లాప్రోస్కోపీ తర్వాత కొన్ని వారాలకు రంధ్రాల దగ్గర గడ్డలు లేచి, మామూలు మందులకు లొంగకపోతే, టీబీ క్రిమికి దూరపు చుట్టాల్లాంటి కొన్ని మైకోబ్యాక్టీరియాల మీద అనుమానం పెట్టుకోవాలి. ఇవి నీళ్లలో, మట్టిలో బతుకుతాయి. లాప్రోస్కోపీ సాధనాలు కొన్ని వేడికి తట్టుకోవు. వాటిని గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెడతారు, థియేటర్లలో దాన్ని సైడెక్స్ అంటారు. ఇరవై నిమిషాలు నానబెడితే చాలా క్రిములు చస్తాయి గానీ, పూర్తి స్టెరిలైజేషన్ కావాలంటే దాదాపు పది గంటలు పడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. ద్రావణంలోంచి తీసిన పరికరాన్ని స్టెరైల్ (క్రిములు లేని) నీళ్లతో కడగాలి. ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లతో కడిగితే చేసిందంతా వృథా, నీళ్లలోని క్రిమి నేరుగా పొట్టలోకి పోతుంది. ఈ ముక్క నాకు చెప్పింది ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ మేడమ్. మా ఆవిడ బట్టల అంచుకు అంటిన మరక చూసి, "చీము చిక్కగా లేదే, నీళ్లలా ఉందే" అని ఆ మేడమే అడిగారు.

ఈ క్రిమి మామూలు కల్చర్‌లో తరచూ దొరకదు. రెండు రోజులకు "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు ఇచ్చి ప్లేటు పారేస్తారు, దీనికేమో వారం దాకా పట్టొచ్చు. అందుకే మైకోబ్యాక్టీరియా కల్చర్ అని విడిగా రాయించుకోవాలి. గడ్డ కోసి ముక్క తీస్తుంటే రెండు సీసాలు పెట్టమనండి. ఫార్మలిన్ సీసా బయాప్సీకి, నార్మల్ సెలైన్ సీసా కల్చర్‌కు. ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో క్రిమి చచ్చిపోతుంది, దాన్ని ఎన్నాళ్లు పెంచినా ఏమీ రాదు. మాకు మొదటిసారి ఇదే జరిగింది. అప్పుడే కొన్న స్టీలు డబ్బాలా తళతళలాడే ల్యాబు నుంచి వచ్చినా ఆ రిపోర్టు పనికి రాలేదు.

మోకాలి చిప్ప మార్పిడి, రాడ్లు, మెష్ (హెర్నియాకు వేసే వల) లాంటివి లోపల పెట్టినప్పుడు లెక్క వేరు. మామూలు ఆపరేషన్‌కు ముప్పై రోజుల్లోపు, ఇలాంటివి పెట్టిన కొన్ని ఆపరేషన్లకు తొంభై రోజుల్లోపు వచ్చిన చీమును ఆపరేషన్ తాలూకు ఇన్‌ఫెక్షన్‌గా వైద్య ప్రమాణాలు లెక్కిస్తాయి. "రెండు నెలలైంది కదా, మాకేం సంబంధం" అంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. మా ఆవిడకు వచ్చినలాంటి నీళ్ల క్రిమి అయితే ఆ గడువు దాటాక కూడా బయటపడొచ్చు. అందుకే క్రిమి పేరు కావాలన్నాను.

కేస్ షీటు, 72 గంటలు

ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ ఒక కథ. అసలు సంగతి కేస్ షీటులో ఉంటుంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమాల ప్రకారం రోగి గానీ, రోగి అధికారం ఇచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి. నోటితో అడిగితే "ఎంఆర్‌డీలో (రికార్డుల విభాగంలో) సార్ లేడు" అంటారు. రాతపూర్వకంగా ఇవ్వండి. రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ, వెళ్లిన తేదీ, "పూర్తి కేస్ షీటు జిరాక్స్ ప్రతులు కావాలి, చార్జీలు చెల్లిస్తాను" అన్న వాక్యం, రోగి సంతకం ఉంటే చాలు. కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే ఇంటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి.

"పూర్తి" అన్నప్పుడు ఏమేం రావాలో తెలిసి ఉండాలి. ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టర్ చార్టు, నర్సుల నోట్సు, మందుల చార్టు, సమ్మతి పత్రం, ల్యాబు రిపోర్టులన్నీ. మత్తు చార్టు చూడటం నేర్చుకోండి, అందులో టైములుంటాయి. కోత పెట్టే ముందు ఇచ్చే యాంటీబయాటిక్ సాధారణంగా గంటలోపు ఇవ్వాలి. మా ఆవిడ చార్టులో ఇంజెక్షన్ తొమ్మిదీ పదికి, కోత తొమ్మిదీ నలభైకి. అంటే వాళ్లు అది సరిగ్గానే చేశారు. మా అర్జీలో దాని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. చేసిన మంచి పనిని కూడా తప్పని రాస్తే మిగతా అర్జీ విలువ పోతుంది.

మీరు ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. పుండు ఫొటో రోజూ ఒకే చోట, పక్కన స్కేలు పెట్టి తీయండి. డాక్టర్‌తో వాట్సాప్ మాటలు తుడిచేయొద్దు. మా ఆవిడ గడ్డ ఫొటో పంపితే సర్జన్ "అమ్మా, కంగారు లేదు, వేడి కాపడం పెట్టు" అని జవాబిచ్చాడు. ఆ ఒక్క మెసేజ్ మీద కమిషన్ రెండు పేరాలు రాసింది. ఇలాంటివి సాక్ష్యంగా పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ జత చేయాలి. ఇదివరకు ఎవిడెన్స్ యాక్టు 65బి అనేవాళ్లు, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్. నా షాపులో ఎక్కువమంది మర్చిపోయే కాగితం ఇదే.

పుండు ముదిరాక ఆసుపత్రివాళ్లు "మళ్లీ ఆపరేషన్ ఫ్రీగా చేస్తాం, ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అనొచ్చు. ఫ్రీగా చేయించుకోవడం తప్పు కాదు. ఆ కాగితంలో "ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు" అని ఉందేమో చూడండి. మాకు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో, మూడో పేజీ అడుగున ఆ వాక్యం ఉంది. సంతకం పెట్టకుండా వేరే ఆసుపత్రికి పోయాం.

ఎక్కడ, ఎప్పటిలోగా

1995లో ఐఎంఏ (డాక్టర్ల సంఘం) వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా అంతే. ఇప్పుడున్నది 2019 చట్టం. జిల్లా కమిషన్‌లో 50 లక్షల దాకా వేయొచ్చు. ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. ఆ 50 లక్షలంటే మీరు అడిగే నష్టపరిహారం కాదు, మీరు ఆసుపత్రికి కట్టిన మొత్తం. ఫీజు కూడా దాన్నిబట్టే. 5 లక్షల లోపు కట్టినవాళ్లకు ఫీజే లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు. మేం ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

ఆపరేషన్ హైదరాబాద్‌లో అయినా కేసు ఖమ్మంలోనే వేశాం. మనం ఉండే చోటే వేసుకునే వీలు 2019 చట్టంలో ఉంది. గడువు రెండేళ్లు. ఇన్‌ఫెక్షన్ ఆలస్యంగా బయటపడితే అక్కడి నుంచి లెక్కించమని వాదించొచ్చు గానీ, ఆపరేషన్ రోజు నుంచే లెక్కేసుకుంటే టెన్షన్ ఉండదు. ఆన్‌లైన్‌లో వేయడానికి ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ఏదైనా సందేహముంటే 1915కు ఫోన్ చేయొచ్చు. లాయర్‌కు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. మా కేసులో ఫిర్యాదుదారు మా ఆవిడ కాబట్టి ఆ దారి మాకూ ఉండేది, నాకు తెలిసేసరికి లాయర్‌ను పెట్టేశాను.

మెడికల్ కౌన్సిల్‌కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ డాక్టర్ లైసెన్సు మీద చర్య ఉంటుంది, మీకు పైసా రాదు.

ప్రతివాదులుగా ఆసుపత్రిని, సర్జన్‌ను ఇద్దర్నీ చేర్చండి. వాళ్లకు ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీని వాళ్లే లాక్కొస్తారు, వస్తే రానివ్వండి.

ఆ రిజిస్టరు

నోటీసు అందాక 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ ఇంకో 15 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. మాకొచ్చిన జవాబులో మూడు మాటలున్నాయి. ఇన్‌ఫెక్షన్ తెలిసిన రిస్కే అని, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారని, ఆమెకు షుగర్ ఉందని. మూడోది పచ్చి అబద్ధం. ఆపరేషన్‌కు ముందు వాళ్ల ల్యాబులోనే చేసిన హెచ్‌బిఎ1సి (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 5.6, అంటే షుగర్ లేనట్టే, దాని జిరాక్స్ జత చేశాం. రెండోదానికి మా లాయర్ గారు ఒకటే చెప్పారు. సమ్మతి ఆపరేషన్‌కు ఇచ్చాం, నిర్లక్ష్యానికి కాదు.

తర్వాత మేం ఒక పిటిషన్ వేశాం. పరికరాల స్టెరిలైజేషన్ రిజిస్టరు, సైడెక్స్ మార్చిన తేదీల రిజిస్టరు, ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ మినిట్స్ (సమావేశాల్లో రాసుకున్న నోట్సు) కమిషన్ ముందు పెట్టించమని. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. ఈ పిటిషన్ చాలామంది వేయరు. ఆసుపత్రి ముందు నాభ్ (NABH, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే) గుర్తింపు బోర్డు ఉంటే అస్సలు వదలొద్దు, అలాంటి కమిటీ, రికార్డులు వాళ్లకు ఉండి తీరాలి.

మినిట్స్ రాలేదు. రిజిస్టరు వచ్చింది, ఒరిజినల్. లాయర్ గారు నన్ను పిలిచి "నువ్వు చూడవయ్యా, కాగితం నీ పని కదా" అన్నారు. ఆరు నెలల నమోదులు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే నీలం రంగు, ఒకే ఒత్తిడి. పొద్దుటి షిఫ్టు, రాత్రి షిఫ్టు ఒకే సంతకం, నర్సింగ్ ఇన్‌చార్జిది. అట్ట మూలలు కొత్త నోటుబుక్కులా పదునుగా ఉన్నాయి. థియేటర్లో తడిచేతుల మధ్య ఆరు నెలలు తిరిగిన పుస్తకానికి ఒక్క మరక లేదు. లాయర్ గారు నర్సింగ్ ఇన్‌చార్జిని ప్రశ్నావళిలో అడిగింది ఒక్కటే, రాత్రి షిఫ్టులో మీరు ఏ తేదీల్లో పనిచేశారని. ఆమె జవాబు అఫిడవిట్‌లో తను పగలే పనిచేస్తానని రాసింది.

నిపుణుల అభిప్రాయం సంగతి. సర్జన్ మీద ఇంకో సర్జన్ రాసిస్తాడని ఎదురు చూడకండి, ముగ్గురు నాకు టీ ఇచ్చి పంపారు. మైక్రోబయాలజీవాళ్లను అడగండి. వాళ్లు చెప్పాల్సింది ఈ క్రిమి ఎక్కడ బతుకుతుంది, ఎలా వస్తుంది అన్నదే, ఎవరి తప్పని కాదు. ఆ ప్రొఫెసర్ మేడమ్ రెండు పేజీల అఫిడవిట్ ఇచ్చారు. ఎవరూ దొరకకపోతే మెడికల్ బోర్డుకు పంపమని కమిషన్‌ను కోరండి. ప్రతి కేసులోనూ నిపుణుడు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో కిషన్ రావు కేసులో చెప్పింది. అదీ హైదరాబాద్ కేసే. మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేశారు, భార్యను పోగొట్టుకున్న ఆయనేమో మలేరియా విభాగంలో ఉద్యోగి. కాకపోతే 2021లో అదే సుప్రీంకోర్టు, రోగికి నయం కాలేదన్న ఒక్క కారణంతో నిర్లక్ష్యం అనలేమని కూడా చెప్పింది. అందుకని వైద్యుల మాట దొరికితే వదులుకోకండి.

ప్రభుత్వాసుపత్రిలో అయితే

అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి మీద వినియోగదారుల కేసు నిలవదు. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మందిలో నలుగురు తల్లులు చనిపోయారు. అక్కడ పరిహారం ప్రభుత్వం ప్రకటిస్తే వచ్చింది. ఇలాంటప్పుడు హైకోర్టు, మానవ హక్కుల కమిషన్, లేదా సివిల్ కోర్టు. డబ్బు తీసుకునే ప్రభుత్వ సంస్థ అయితే కేసు వేయొచ్చు. నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. చక్రాల కుర్చీలో వచ్చి తన కేసు తనే వాదించుకున్నాడాయన. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటులో చేయించుకుంటే మీ తరఫున ప్రభుత్వం కట్టింది కాబట్టి ఇది కూడా డబ్బుకు చేసిన సేవే అని వాదించాలి.

ఎంత అడగాలి

ఊరికే యాభై లక్షలు రాయకండి. మేం 9 లక్షలు అడిగాం, ప్రతి రూపాయికీ లెక్క చూపించాం. రెండో ఆసుపత్రి, మందులు కలిపి 1,86,000 అయింది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, ఆమెకు జీతం స్లిప్పు ఎక్కడిది? కొలతలు రాసుకునే నోటుబుక్కు, ఫోన్‌పే స్టేట్‌మెంటు పెట్టాం. పదకొండు నెలలకు 99 వేలు అడిగితే 60 వేలకు ఒప్పుకున్నారు. బాధకు, మానసిక వేదనకు లక్షన్నర, ఖర్చులకు పదివేలు. మొదటి బిల్లు 72 వేలు తిరిగి ఇవ్వలేదు, రాళ్లు నిజంగానే తీశారు కదా అన్నారు. నాకూ అది న్యాయమే అనిపించింది. మొత్తం 4,06,000, కేసు వేసిన రోజు నుంచి 7 శాతం వడ్డీతో.

చట్టం ప్రకారం కేసు మూడు నెలల్లో తేలాలి. మాది 2022 నవంబర్‌లో వేస్తే 2025 మార్చిలో తేలింది. ఆర్డర్ వచ్చాక అప్పీలుకు వాళ్లకు 45 రోజులుంటాయి, వెళ్లాలంటే సగం డబ్బు ముందే డిపాజిట్ చేయాలి. చాలా ఆసుపత్రులు ఇక్కడే ఆలోచిస్తాయి. అప్పీలుకూ పోకుండా, డబ్బూ ఇవ్వకుండా కూర్చుంటే అమలు పిటిషన్ వేయండి. ఆర్డర్ ఖాతరు చేయనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది 72వ సెక్షన్‌లో. మాకు అంతదాకా రాలేదు. నలభై మూడో రోజున చెక్కు వచ్చింది. బ్యాంకులో వేయడానికి ముందు రెండు వైపులా జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టాను, పేజీ నంబరు 214.